కాలు చెప్పే బుద్ధి

ఎవరైనా పారిపోతే తెలుగులో 'కాలికి బుద్ధి చెప్పాడు' అంటాం. కాస్త వెటకారంగా 'పిక్కబలం చూపించాడు' అని కూడా అంటాం. మన పెద్దలు పరుగును పిక్కబలంతో ముడిపెట్టడం ఊరికే కాదు. పరుగుకు ఊపిరి ఎంత ముఖ్యమో కాలి కండల బలమూ అంతే ముఖ్యం. ఒళ్లు హూనమయ్యేలా పరిగెత్తినప్పుడు ఆ బలం ఎంత తగ్గుతుంది, ఎందుకు తగ్గుతుంది, తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్నవి ఇవాళ కొలిచి చెప్పగలిగిన విషయాలు. ఆ కొలతలు తెలుసుకుంటే మన బడుల్లో పరుగు పందేలు నడిపే పద్ధతిని కొంత మార్చుకోక తప్పదని మా అభిప్రాయం.

బదిలీల మీద ఊళ్లు తిరిగే మాలాంటి ఉపాధ్యాయులకు రకరకాల మైదానాలు చూసే అవకాశం దొరుకుతుంది. కొండ మీది బడి, ఎడారి అంచున బడి, సముద్రం పక్కన కంటోన్మెంటు బడి. ఊరు మారితే మైదానంలో మట్టి రంగు మారుతుంది, పిల్లలు అరిచే భాష మారుతుంది. ఒక మాట మాత్రం ఎక్కడికి వెళ్లినా వినిపిస్తూనే ఉంటుంది. మొదటిరోజు మూడు వేల మీటర్ల పందెం గెలిచిన పిల్లవాడు రెండోరోజు రిలేలో వెనకబడితే 'నిన్న గెలిచాడుగా, ఇవాళ పొగరెక్కింది' అంటారు. ఓడిన అమ్మాయి అయితే 'మనసు పెట్టి పరిగెత్తడం లేదు' అంటారు. హిందీలో అన్నా, ఇంగ్లీషులో అన్నా, తెలుగులో అన్నా అది న్యాయమైన మాట కాదు. ఆ పిల్లల మనసుకు ఏమీ కాలేదు. కాలిలో బలమే తగ్గింది.

బలం తగ్గిందని ఎలా తెలుస్తుంది? పరిశోధకులు పరుగుకు ముందు మనిషిని ఒక కుర్చీలో కూర్చోబెడతారు. నడుము కదలకుండా బెల్టు కడతారు. చీలమండకు పట్టీ వేసి దాన్ని బలం కొలిచే పరికరానికి తగిలిస్తారు. 'కాలు చాపడానికి నీ శక్తి కొద్దీ తన్ను' అంటారు. అప్పుడు తొడ ముందు భాగంలోని కండ ఎంత బలం చూపిందో అంకెల్లో వస్తుంది. పిక్కబలం కొలవాలంటే పాదాన్ని ఒక పలక మీద ఆనించి ముందుకు నొక్కమంటారు. పరుగు అయిపోగానే మళ్లీ అదే కుర్చీ, అదే పరీక్ష. రెండు అంకెల మధ్య తేడాయే ఆ పరుగు కాలి నుంచి తీసుకున్న బలం.

ఈ లెక్కకు పెద్ద ఉదాహరణ ఐరోపాలో ఉంది. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాలు కలిసే చోట ఉన్న మోంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ ఏటా ఒక పరుగు పందెం జరుగుతుంది. గియోమ్ మిలే అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆ దారిలో పరిగెత్తిన 22 మందిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. అప్పటి దూరం 166 కిలోమీటర్లు. దారిలో ఎక్కిన ఎత్తంతా కలిపితే 9,500 మీటర్లు, దిగిందీ అంతే. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లని గుర్తు చేసుకుంటే ఆ దారి ఎలాంటిదో తెలుస్తుంది. పరుగు ముగిసేసరికి తొడ ముందు కండల బలం సగటున 35 శాతం, పిక్కల బలం 39 శాతం తగ్గింది. వాళ్లంతా అనుభవజ్ఞులు, ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు. అయినా వాళ్ల కాలి బలంలో మూడో వంతుకు పైగా పోయింది. కండ దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే క్రియాటిన్ కైనేజ్ అనే పదార్థం సగటు 144 యూనిట్ల నుంచి 13,633 యూనిట్లకు పెరిగింది. అంటే తొంభై రెట్లకు పైగా.

ఆ తర్వాత వాళ్లలో 11 మందిని రెండోరోజు, ఐదోరోజు, తొమ్మిదోరోజు, పదహారోరోజు మళ్లీ పరీక్షించారు. పోయిన బలంలో ఎక్కువ భాగం తొమ్మిది రోజుల్లో తిరిగి వచ్చింది. పదహారో రోజుకు కాళ్లు మొదటి స్థితికి చేరుకున్నాయి. ఇందులో మనం గమనించవలసిన సంగతులు రెండున్నాయి. ఇంత కఠినమైన పరుగు తర్వాత కూడా బలం పూర్తిగా తిరిగి వచ్చింది. అయితే దానికి రోజులు పట్టింది. 'పట్టుదల ఉంటే మర్నాటికే సర్దుకుంటుంది' అనే మాటకు ఈ అంకెల్లో చోటు లేదు.

ఇంకో పరుగు సంగతి మరింత ఆశ్చర్యంగా ఉంటుంది. ఇటలీలోని అవోస్తా లోయలో జరిగే ఒక పందెం దూరం సుమారు 330 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు సుమారు 24,000 మీటర్లు. మోంట్ బ్లాంక్ పరుగు కన్నా దాదాపు రెట్టింపు దూరం, రెట్టింపుకు మించిన ఎత్తు. రోజుల తరబడి, నిద్ర చాలక పరిగెత్తాలి. కాబట్టి కాలి బలం ఇంకా ఎక్కువ పోవాలి కదా? 2013లో వెలువడిన కొలతల్లో తొడ బలం 24 శాతం, పిక్కబలం 26 శాతం మాత్రమే తగ్గినట్టు తేలింది. రెట్టింపు దూరం వెళ్లినవాళ్లు తక్కువ బలం పోగొట్టుకున్నారు. అంత దూరం ఉందని ముందే తెలుసు కనుక వాళ్లు మొదటి నుంచీ నెమ్మదిగా, కాళ్లను కాపాడుకుంటూ వెళ్లడమే ఇందుకు కారణమని పరిశోధకులు వివరించారు. కాలిని అలసటకు గురిచేసేది దూరం ఒక్కటే కాదని, ఆ దూరాన్ని ఎంత వేగంతో వెళ్లామన్నదీ అంతే ముఖ్యమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక బలం ఎందుకు తగ్గుతుందో చూద్దాం. కారణాలు రెండు చోట్ల ఉంటాయి. మొదటిది కండలోనే. కండలో దాచిపెట్టుకున్న పిండిపదార్థం గంటల తరబడి పరిగెత్తేసరికి ఖర్చయిపోతుంది. కండ బిగుసుకోవడానికి కాల్షియం విడుదల కావాలి. ఆ ఏర్పాటు అలసట వల్ల మందగిస్తుంది. కండలోని సన్నని పోగులు అక్కడక్కడా చిట్లుతాయి. రెండో కారణం కండలో కాదు, దానికి ఆజ్ఞ పంపే మెదడులో, వెన్నుపాములో ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మనిషి తన శక్తినంతా పెట్టి కాలు తన్నుతున్న క్షణంలోనే ఆ కండకు వెళ్లే నరానికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తారు. బలం ఒక్కసారిగా పెరిగితే, కండలో ఇంకా శక్తి ఉందని, దాన్నంతా వాడుకునే ఆజ్ఞ పైనుంచి రావడం లేదని అర్థం. మోంట్ బ్లాంక్ పరుగువీరుల తొడ కండల్లో ఈ ఆజ్ఞ 19 శాతం తగ్గింది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. 'ఆజ్ఞ మెదడు నుంచి రావడం లేదంటే అది బద్ధకమే కదా?' కాదు. కుర్చీలో కూర్చున్న ఆ మనిషి నిజంగానే తన శక్తి కొద్దీ తన్నుతున్నాడు. ఆజ్ఞ తగ్గిన సంగతి అతనికే తెలియదు. వేడి పెనం తగిలితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది, మనం ఆలోచించి తీసుకోం. అలసిన కాలికి వెళ్లే ఆజ్ఞ తగ్గడం కూడా చాలావరకు మన చేతిలో లేని పనే. కనుక అలసిన పిల్లవాడిని 'ఇంకాస్త గట్టిగా అనుకో' అని కేకలేసినంత మాత్రాన ఆ లోటు తీరదు.

అలసటను పరికరంతో కొలవాలన్న ఆలోచన కొత్తది కాదు. ఇటలీలోని టురిన్ నగరంలో పనిచేసిన ఆంజెలో మోసో అనే శాస్త్రవేత్త ఎర్గోగ్రాఫ్ అనే సాధనం తయారుచేశాడు. ఒక వేలితో బరువును మళ్లీ మళ్లీ ఎత్తిస్తూ, అది క్రమంగా ఎలా అలసిపోతుందో గీతల్లో నమోదు చేశాడు. 1891లో అలసట మీద ఒక పుస్తకమే రాశాడు. మాకు అందులో నచ్చిన సంగతి ఒకటుంది. పాఠాలు చెప్పి, మౌఖిక పరీక్షలు జరిపి వచ్చిన తోటి అధ్యాపకులకు ఆయన ఈ పరీక్ష పెట్టాడు. వాళ్ల వేళ్లు మామూలు రోజు కన్నా తొందరగా అలసిపోయాయి. వేలు చేసిన శ్రమ ఏమీ లేదు, అలసింది మెదడు. పొద్దున యూనిట్ టెస్టు, సాయంత్రం పదిహేను వందల మీటర్ల పరుగు పెట్టే మన టైం టేబుళ్లు తయారుచేసేవాళ్లు ఈ సంగతి ఒకసారి తలచుకుంటే బాగుంటుంది.

కాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది ఎక్కడమా, దిగడమా అంటే చాలామంది ఎక్కడమే అంటారు. సెలవుల్లో తిరుమల వెళ్లి, అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు ఎక్కినవాళ్లు మీలో ఉంటారు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, చెమట కారుతుంది. కానీ అదే దారిలో నడిచి దిగినవాళ్లను అడిగి చూడండి. మోకాళ్లు వణికాయని, మర్నాడు మంచం దిగడానికి తొడలు సహకరించలేదని చెబుతారు. దిగేటప్పుడు తొడ కండ బిగుసుకుంటూనే సాగుతుంది. తాడు లాగే పోటీలో మీ జట్టు శక్తి కొద్దీ లాగుతున్నా అవతలి జట్టు మిమ్మల్ని ఈడ్చుకుపోతుంటే, తాడు అరచేతులను ఒరుసుకుపోతుంది కదా. పల్లం దిగేటప్పుడు కండలో పోగుల పరిస్థితి అలాంటిదే. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య కామ్రేడ్స్ మారథాన్ అనే సుమారు 90 కిలోమీటర్ల పరుగు ఉంది. 1893లో గాంధీజీని రైలు నుంచి దింపేసిన పీటర్‌మారిట్జ్‌బర్గే అది. ఈ పరుగును మామూలుగా ఒక ఏడాది సముద్రమట్టం నుంచి పైకి, మరో ఏడాది పై నుంచి కిందికి నడుపుతారు. కిందికి దిగే ఏడాది తొడలు ఎక్కువ నలిగిపోతాయని పరుగువీరులు చెబుతారు.

ఈ సందర్భంలో ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. పరుగు మర్నాడు కాళ్లు పీకితే 'లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయింది, ఇంకో నాలుగు రౌండ్లు కొడితే కరిగిపోతుంది' అనడం మన మైదానాల్లో పరిపాటి. తీవ్రమైన పరుగులో లాక్టిక్ ఆమ్లం పెరిగే మాట నిజమే. కానీ పరుగు ఆపిన గంటా గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు, ఎల్లుండి వచ్చే నొప్పికి అది కారణం కాదు. ఆ నొప్పి అలవాటు లేని శ్రమ వల్ల కండలో జరిగిన చిన్న చిన్న గాయాలకు, వాటిని శరీరం బాగు చేసుకోవడానికి సంబంధించినది. అందుకే అది వెంటనే రాదు. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గిపోతుంది. బాగుచేసే పని నడుస్తున్న చోట ఇంకో నాలుగు రౌండ్లు కొట్టించడం తడి సిమెంటు మీద నడవడం లాంటిది.

తెలుగు చెప్పేవాళ్లం కనుక ఇక్కడ భాష గురించి ఒక్క మాట. అలసటకు మన భాషలో ఒక్కటే పదం లేదు. ఊపిరి అందకపోతే ఆయాసం. ఒళ్లంతా తేలిపోతే నీరసం. కాళ్లు పీకడం వేరు, పిక్క పట్టేయడం వేరు. కాలిలో సత్తువ లేకపోవడం ఈ రెండింటికీ వేరు. మీకు ఏది కలిగిందో ఆ మాటతోనే పీఈటీ సార్‌కు చెప్పండి. 'ఏదోలా ఉంది సార్' అంటే ఆయనకు ఏమీ అర్థం కాదు. 'ఆయాసం తగ్గింది సార్, కానీ మెట్లు దిగుతుంటే తొడల్లో సత్తువ లేదు' అంటే వెంటనే అర్థమవుతుంది. ఆయన తెలుగువారు కాకపోతే మీ తోటివాళ్లను అడిగి ఆయన భాషలో చెప్పండి.

'166 కిలోమీటర్ల కథలు మన పిల్లలకెందుకు? వాళ్లు పరిగెత్తేది మూడు వేల మీటర్లేగా?' అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, తగ్గే బలం అంత ఉండదు. పైగా చిన్నపిల్లలు తక్కువసేపు చేసే పరుగుల నుంచి పెద్దవాళ్ల కన్నా త్వరగా కోలుకుంటారు కూడా. కానీ రెండు విషయాలు మరిచిపోకూడదు. మొదటిది అలవాటు. ఒకసారి ఒక రకమైన శ్రమకు గురైన కండ, కొద్ది వారాల్లో మళ్లీ అదే శ్రమ చేస్తే అంతగా దెబ్బతినదు. అలవాటే లేని కండకు చిన్న శ్రమ కూడా పెద్దదే. ఏడాదంతా పరుగు ముఖం చూడకుండా పోటీల వారం ముందు మైదానంలోకి దిగే పిల్లల పరిస్థితి ఇదే. రెండోది ఎదుగుదల. పది నుంచి పదిహేనేళ్ల మధ్య ఎముకలు వేగంగా పెరిగే దశలో తొడ కండ లాగుడంతా మోకాలి చిప్ప కిందనున్న లేత ఎముక భాగం మీద పడుతుంది. పరుగులు, గెంతులు ఎక్కువైతే అక్కడ వాచి నొప్పి పుడుతుంది. ఆ నొప్పి 'నటన' కాదు, వైద్యులకు బాగా తెలిసిన సమస్య.

మన పిల్లల విషయంలో మూడో సంగతి కూడా ఉంది. అసలు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నాన్నకో అమ్మకో నడి సంవత్సరంలో బదిలీ అవుతుంది. ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ చేతపట్టుకుని పిల్లవాడు కొత్త బడిలో చేరతాడు. అక్కడి భాష రాదు, స్నేహితులు లేరు, ఏ హౌస్ పాట ఏదో తెలియదు. తానేమిటో చూపించుకోవడానికి భాష అక్కర్లేని చోటు మైదానం ఒక్కటే. అందుకే కొత్తగా వచ్చిన పిల్లలే అన్నిటికీ పేర్లిస్తారు. ఎనిమిది వందలు, పదిహేను వందలు, మూడు వేలు, రిలే, కబడ్డీ, ఖోఖో. హౌస్ కెప్టెన్‌కు కావలసింది పాయింట్లు, పిల్లవాడికి కావలసింది నలుగురిలో చోటు. కాలు నొప్పెడుతోందని ఆ పిల్లవాడు చెప్పడు. చెబితే మళ్లీ ఒంటరివాణ్ణవుతానని భయం. దాదాపు ప్రతి పోస్టింగులోనూ ఇలాంటి పిల్లలను చూశాం. వాళ్లలో లోపం పట్టుదల కాదు, పట్టుదల వాళ్ల దగ్గర అవసరానికి మించే ఉంటుంది. వాళ్లను ఆపేవాళ్లు లేకపోవడమే అసలు లోటు.

పైగా ఊరు మారితే కాలికీ కొత్తే. చదును నేల మీద పెరిగిన పిల్లలు కొండ ఊరికి వస్తే బడికి వెళ్లిరావడమే ఎక్కడం, దిగడం. లేహ్ లాంటి చోట, సుమారు 3,500 మీటర్ల ఎత్తులో, ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు తక్కువ. విశాఖపట్నంలో సులువుగా పరిగెత్తిన వేగమే అక్కడ ఒళ్లు హూనం చేసే వేగమవుతుంది. వేగం పెరిగితే కాలికి ఏమవుతుందో పైన అంకెల్లో చూశాం.

ధైర్యం గురించి మన బడుల్లో తరచూ చూపించే వీడియో ఒకటుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి మహిళల మారథాన్ పెట్టారు. స్విట్జర్లాండ్ తరఫున పరిగెత్తిన గాబ్రియేలా ఆండర్సన్ షీస్ ఎండదెబ్బకు తూలుతూ స్టేడియంలోకి వచ్చింది. ఒక కాలు ఈడుస్తూ చివరి చుట్టు పూర్తి చేయడానికి ఐదు నిమిషాలకు పైగా తీసుకుని 37వ స్థానంలో నిలిచింది. ఆమె పట్టుదలను తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఆ వీడియో చూపించేటప్పుడు మనం చెప్పని సంగతులున్నాయి. ఆమెకు అప్పటికి 39 ఏళ్లు, సాధన ఉన్న పరుగువీరురాలు. వైద్యులు పక్కనే ఉండి కనిపెట్టుకున్నారు. చెమట ఇంకా పడుతోందని గమనించాకే ముందుకు వెళ్లనిచ్చారు. మన మైదానంలో పన్నెండేళ్ల పిల్ల తూలుతూ వస్తుంటే చప్పట్లు కొట్టడం ధైర్యాన్ని మెచ్చుకోవడం కాదు, బాధ్యత వదిలేయడం.

చప్పట్ల సంగతి మన దేశానికీ అనుభవమే. 2006లో ఒడిశాలో బుధియా సింగ్ అనే నాలుగేళ్ల బాలుడు పూరీ నుంచి భువనేశ్వర్‌కు 65 కిలోమీటర్లు పరిగెత్తాడు. దేశమంతా ఆశ్చర్యపోయింది. తర్వాత ఆ రాష్ట్ర ప్రభుత్వం కలగజేసుకుని అంతంత దూరాలు పరిగెత్తకుండా ఆపింది. అప్పట్లో ఆ నిర్ణయాన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు, మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. మేము మెచ్చుకునేవాళ్ల వైపే. పిల్లవాడి కాళ్లు ఎంత దూరం మోయగలవన్నది జనం చప్పట్లతో తేల్చే విషయం కాదు.

దీనికి ఎదురు వాదన ఒకటి బలంగా వినిపిస్తుంది. 'వీళ్లు సైనికుల పిల్లలు, సరిహద్దుల్లో పనిచేసేవాళ్ల పిల్లలు. గట్టిపడాలి. విశ్రాంతి, విశ్రాంతి అంటూ కూర్చోబెడితే మెత్తబడిపోతారు.' ఈ మాటలో కొంత సత్యం ఉంది. శ్రమ లేకుండా కండ గట్టిపడదు. అలసట తెలియని సాధన సాధనే కాదు. కానీ శ్రమ సగం పనే చేస్తుంది. నలిగిన కండ తనను తాను బాగుచేసుకుని ముందుకన్నా గట్టిగా తయారయ్యేది విశ్రాంతిలో, తిండిలో, నిద్రలో. సైన్యంలో పనిచేసిన శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానంలో నిలిచారు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పూర్తిచేశారు. ఆ జాతీయ రికార్డు నలభై ఏళ్లకు పైగా చెక్కుచెదరలేదు. అలాంటి కాళ్లు క్రీడోత్సవం వారంలో తయారు కావు. రెండుసార్లు ఒలింపిక్ మారథాన్ గెలిచిన కెన్యా దేశస్థుడు ఎలియుడ్ కిప్చోగే తన మంచి రోజుల్లో కూడా మామూలుగా ఏడాదికి రెండు మారథాన్ పందేలలోనే పాల్గొనేవాడు. ప్రపంచంలోనే గొప్ప పరుగువీరుడు ఏడాదికి రెండుసార్లు ఒళ్లు హూనం చేసుకుంటే, మన ఏడో తరగతి పిల్లవాడు రెండు రోజుల్లో నాలుగు ఫైనల్స్ పరిగెత్తుతున్నాడు. ఎవరు గట్టివాళ్లో కాదు, ఎవరికి లెక్క తెలుసో ఆలోచించాలి.

కాబట్టి మేము కోరేవి పెద్ద ఖర్చు లేని మార్పులు. మొదటిది, పదిహేను వందలు, మూడు వేల మీటర్ల వంటి దూరపు పరుగుల ఫైనల్స్‌ను పోటీల చివరిరోజు, చివరి అంశాలుగా పెట్టాలి. అప్పుడు ఆ పిల్లలు మర్నాడు మళ్లీ పరిగెత్తాల్సిన పని ఉండదు. ఇందుకు కావలసింది టైం టేబుల్‌లో రెండు గీతలు మార్చడమే. రెండోది, ఒక పిల్లవాడికి ఒక దూరపు పరుగు, దానికి తోడు మరొకటి లేదా రెండు అంశాలు, అంతే. పేర్లు రాసుకునేటప్పుడే హౌస్ మాస్టర్లు ఈ హద్దు పాటించాలి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. గ్యాలరీలో కూర్చుని చప్పట్లు కొట్టే పిల్లల్లో మరికొందరికి మైదానంలో దిగే అవకాశం వస్తుంది. మూడోది, సాధన వారం ముందు కాకుండా కనీసం ఆరు వారాల ముందు, తక్కువ దూరంతో మొదలుపెట్టాలి. నాలుగోది, బదిలీ మీద కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి రెండు వారాలు తేలికపాటి ఆటలే ఆడించి, ఆ నేలకూ ఆ గాలికీ అలవాటు పడనివ్వాలి.

ఐదోది శిక్ష గురించి. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు, హోంవర్కు చేయకపోతే పది రౌండ్లు అనే అలవాటు ఎక్కడున్నా పోవాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని నిషేధించింది. చట్టం మాట అటుంచినా, పరుగును శిక్షగా వాడితే పిల్లలకు పరుగంటేనే అసహ్యం పుడుతుంది. ఆటల పీరియడ్‌లో దేనికోసమైతే ఉత్సాహపరుస్తామో, మొదటి పీరియడ్‌లో దాన్నే శిక్షగా వేయడంలో అర్థం లేదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. క్రీడోత్సవం మర్నాడు పిల్లవాడు మెట్లు దిగడానికి ఇబ్బంది పడితే 'మా రోజుల్లో' అని మొదలుపెట్టకండి. కడుపునిండా అన్నం, పప్పో గుడ్డో పెరుగో పెట్టి, త్వరగా పడుకోనివ్వండి. నెమ్మదిగా నడవనివ్వండి. నొప్పి మూడు నాలుగు రోజుల్లో తగ్గకపోయినా, ఒక్క కాలిలో ఒకే చోట పొడిచినట్టున్నా, మోకాలు వాచినా వైద్యుడికి చూపించండి. తీవ్రమైన పరుగు తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే అది దెబ్బతిన్న కండ నుంచి రక్తంలో చేరిన పదార్థం వల్ల కావచ్చు. దాని వల్ల మూత్రపిండాలకు ప్రమాదం. అప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పరుగులో స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా కూడా అంతే.

పిల్లలూ, ఇప్పుడు మీతో. పరుగు మానేయమని మేము చెప్పడం లేదు. మీరు ఎన్ని బడులు మారినా మీతో పాటు వచ్చే ఆస్తి మీ కాళ్లు. వాటిని రోజూ కొద్దికొద్దిగా వాడండి. మొదటి చుట్టులోనే అందరినీ దాటేయాలనుకోకండి. 330 కిలోమీటర్లు వెళ్లినవాళ్ల కాళ్లను కాపాడింది నెమ్మదైన ఆరంభమే. నిన్న బాగా పరిగెత్తిన మీ స్నేహితుడు ఇవాళ వెనకబడితే నవ్వకండి, అతని బలం తిరిగి వచ్చే దారిలో ఉంది. కొత్తగా వచ్చిన పిల్లవాడు అన్నిటికీ పేరిస్తుంటే, మీరే వెళ్లి ఒకదానికి పేరు తీయించి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మీ పక్కన తెరవమనండి. అప్పుడు అతను నలుగురిలో చోటు కోసం కాళ్లు విరగ్గొట్టుకోనక్కర్లేదు.

ఇన్నాళ్లూ మనం కాలికి బుద్ధి చెబుతూ వచ్చాం. బరువెక్కి, వణికి, పీకి కాలు కూడా మనకొక బుద్ధి చెబుతోంది. ఈ ఏడాది క్రీడోత్సవాల టైం టేబుల్ రాసే ముందు దాని మాట కూడా విందాం.